ఈ మందు ఆ మందు కాదు

మన భాషలో ఔషధమునకును మందే పేరు, మద్యమునకును నేడు మందే పేరు. పేరొక్కటి గనుక పనియు నొక్కటియే యని భ్రమించువారు మనలో నున్నారు. పన్ను పీకించుకొని వచ్చినవానికి ఆ రాత్రియే, "బ్రాంది పుక్కిట పట్టుము, నొప్పి తగ్గును, క్రిములు చచ్చును" అని ఇంటి పెద్దలే బోధించుచున్నారు. ఇది హితము గాదు, హాని యని మేము నొక్కి చెప్పుచున్నాము.

పన్ను పోయిన గుంటలో నెత్తురు గడ్డకట్టును. ఆ గడ్డయే గాయమునకు మూత. అది కదలినచో లోని ఎముక బయటపడును. వైద్యులు దీనిని డ్రై సాకెట్ అందురు. రెండు మూడు దినములకు మొదలై చెవి వరకు ప్రాకు ఆ పోటు పాత పంటినొప్పిని మరపించును. పచ్చి పుండుపై మద్యము పుక్కిలించుట కోరి ఆ మూతను కదల్చుటయే.

క్రిముల లెక్కయు చూతము. చర్మము తుడుచు స్పిరిటులో ఆల్కహాలు నూటికి 70 పాళ్ళు, అంగడి బ్రాందిలో 42.8 పాళ్ళు. తూకము తెలిసిన వర్తకులము, ఈ తేడా మనకు తెలియదా? ఆ స్పిరిటునైనను నోటి పుండుపై పోయరాదు.

త్రాగినచో కీడు మరింత హెచ్చు. నెత్తురు త్వరగా నిలువదు. ఐబుప్రొఫెన్ వంటి నొప్పిమాత్రలతో కూడి కడుపున పుండ్లు రేపును. మెట్రోనిడజోల్ మ్రింగువారికి వాంతులు, గుండెదడ కలుగవచ్చును. ఆ మాత్రలు ముగిసిన పిదపను 3 దినములు మద్యము ముట్టరాదు.

మొదటి 24 గంటలు ఏమియు పుక్కిలింపరాదు. తరువాత గోరువెచ్చని ఉప్పునీరు చాలును. బీడీ, చుట్ట కూడదు. నిత్యము త్రాగువాడు ఆ సంగతిని పన్ను పీకకముందే వైద్యునకు చెప్పవలెను. దాచినచో పరువు నిలువదు, ప్రాణమునకే ముప్పు.

1937లో మద్యనిషేధము మొదట అమలైన సేలము జిల్లా ఈ తమిళనాటిదే. 2003 నుండి ఇచట ప్రభుత్వ సంస్థయే మద్యమును చిల్లరగా అమ్ముచున్నది. సీసా చేరువైనది గనుక కట్టుబాటు ఇంటనే యుండవలెను. వైద్యుడిచ్చిన చీటీ అరవములో నున్నదని జేబున మడిచి పెట్టుట సాకు మాత్రమే. బడిలో అరవము చదువు పిల్లలు మన ప్రతి ఇంటను గలరు. వారిచేత చదివించి, తాతలకు అవ్వలకు తెలుగున చెప్పింపుడు. గ్లాసు అందించు చేతిని ఆ పిల్లలే ఆపుదురు గాక!