చల్లని యిల్లు - ఎవరి లెక్కతో?

జనగామ, మానుకోట, భూపాలపల్లి పట్టణములలో నూతన గృహములు కట్టుకొనువారి నడుమ ఇటీవల ఒక వాదము తరచుగా వినవచ్చుచున్నది. ఒక్క పెద్ద యంత్రమును నిలిపి, పైకప్పు క్రింద గొట్టములు పరపి, ఇల్లంతటికిని చల్లగాలి పంపు సెంట్రల్ ఏసీ మేలా? గదికొకటిగా గోడకు బిగించు స్ప్లిట్ ఏసీ మేలా? ఇది కలిగినవారి ముచ్చట గదా, పత్రికలో దీనికి తావేల యని కొందరనవచ్చును. కాని వేసవి యిప్పుడు కలిగినవారిని, లేనివారిని ఎంచి కాల్చుట లేదు. అప్పుచేసియైనను ఒక గదిని చల్లబరచుకొనవలెనను స్థితికి మధ్యతరగతి గృహస్థుడు వచ్చియున్నాడు. అతని యప్పు, ఊరి విద్యుత్తు, పొరుగువాని సుఖము, ఇంటిలోని వృద్ధుల ప్రాణము - ఇవన్నియు ఈ ప్రశ్నతో ముడివడియున్నవి. కావున దీనిని విచారించుట అప్రస్తుతము కాదు.

గత వేసవిలో ఉపాధ్యాయ పదవినుండి విరమించిన పెద్దమనిషి యొకరు కాగితముల కట్టతో నా యొద్దకు వచ్చిరి. జనగామలో ఇల్లు కట్టుచు, సెంట్రల్ ఏసీకై ఒక గుత్తేదారునకు బయానా యిచ్చియుండిరి. అప్పటికే స్లాబు పడినది. దూలముల క్రిందుగా గొట్టములు పోవలెనన్న, ఫాల్స్ సీలింగు వేసి గదుల యెత్తును అడుగున్నర తగ్గించవలెనని గుత్తేదారు అప్పుడు చెప్పెను. "వకీలు సాబ్, నా బయానా తిరిగి వచ్చునా?" అని వారి ప్రశ్న.

"సార్, అసలు దీనికెందులకు పూనుకొంటిరి?" అని నేనడిగితిని.

"డాలస్‌లో మా అబ్బాయి యింట ఇట్లే యున్నది. ఏ గదిలోనికి పోయినను ఒకే చల్లదనము. మనకేమి తక్కువ యనిపించినది."

"రాత్రి మీ యింట ఎన్ని గదులలో పడుకొందురు?"

"నేను, మా యింటామె. ఒక గది."

"తక్కిన నాలుగు గదులు?"

"పిల్లలు వచ్చువరకు తాళమే."

వాదమంతయు ఆ తాళములోనే యున్నది. తాళము వేసిన నాలుగు గదులను చల్లబరచుటకు ఆయన తన విరమణ ధనమును వెచ్చింపబోవుచుండిరి.

అమెరికా యింటిలో గొట్టములుండుట వారి గొప్పతనము కాదు, వారి శీతకాలపు ఫలము. అచ్చట మంచు కురియు ప్రాంతములలో ఇంటి నడుమ కొలిమివంటి యంత్రము పెట్టి, వేడిగాలిని గొట్టములద్వారా గదులకు పంపు ఏర్పాటు ముందే యుండెను. కొయ్యతో కట్టిన గోడలలోను, అటుకపైనను, నేలమాళిగలోను వానికి చోటు కలదు. చల్లని గాలి తరువాత వచ్చి, ఉన్న గొట్టములనే వాడుకొన్నది. "డక్ట్‌లెస్", అనగా గొట్టములు లేనిది, అను మాటయే గొట్టములు గల యిండ్లవారికి అవసరమైన మాట. ఎన్నడును గొట్టములు లేని మనకు ఆ భేదము పుట్టుకతోనే తీరియున్నది. ఆ దేశమునందు సైతము, గొట్టములు అటుక వంటి చల్లబరచని చోట్లనుండి పోవునెడల వానిలోనే 30 శాతమునకు మించిన శక్తి వ్యర్థము కావచ్చునని వారి ఇంధనశాఖయే హెచ్చరించుచున్నది.

వాతానుకూలన యంత్రము తొలుత మనుష్యుల సుఖమునకై పుట్టలేదను సంగతియు ఇచ్చట స్మరింపదగినది. 1902లో విల్లిస్ కారియర్ అను యువ ఇంజనీరు బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయములో గాలితేమకు కాగితము ఉబ్బి, రంగులు తప్పుచుండగా, ఆ దోషనివారణకై దానిని కల్పించెను. అవసరము నెరిగి యంత్రమును కల్పించిన ఆయన మార్గమును మనము అనుసరింపవచ్చును; యంత్రమును చూచి అవసరమును కల్పించుకొనుట మాత్రము తగదు. జపానువారు తమ యిండ్లలో ఏ గదిలో మనుష్యులున్న ఆ గదినే చల్లబరచుకొను పద్ధతిని పెంపొందించిరి. తోషిబా సంస్థ 1981లో గృహములకు ఇన్వర్టర్ ఏసీని తెచ్చినది. గది చల్లబడినకొలది తన వేగమును తగ్గించుకొను ఈ యంత్రమే నేడు మన బజారులలో విరివిగా అమ్ముడగుచున్నది.

ఇక లెక్కకు వత్తము. టన్ను అనగా యంత్రము బరువు కాదు. ఒక అమెరికా టన్ను, అనగా 2000 పౌనుల మంచుగడ్డ 24 గంటలలో కరగునప్పుడు లాగుకొను వేడిమి. అది సుమారు 3.5 కిలోవాట్లు. సాధారణమైన పడకగదికి ఒకటి లేక ఒకటిన్నర టన్ను చాలును. ఐదు గదుల యింటికి సెంట్రల్ ఏసీ యన్న ఐదారు టన్నులు కావలెను. ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్ రాత్రి ఎనిమిది గంటలు నడచిన, నా యింటి యనుభవములో సుమారు 6 యూనిట్లు. నెలకు 180. ఇతర ఖర్చుతో 300 యూనిట్లనుకొందము. 2022 ఏప్రిల్‌లో మన రాష్ట్రమున అమలునకు వచ్చిన రేట్ల ప్రకారము 200 యూనిట్లు దాటిన గృహమునకు మొదటి 200 యూనిట్లు 5.10 రూపాయల చొప్పున, తరువాతి నూరు 7.70, ఆపై నూరు 9, అటుపిమ్మట 800 వరకు 9.50. అనగా 300 యూనిట్లకు 1790 రూపాయలు. 600 యూనిట్లకు 4590. వాడుక రెండింతలైన రుసుము రెండున్నర యింతలకు మించినది. తాళము వేసిన గదుల చల్లదనమునకు ఖరీదైన యూనిట్లే ఖర్చగునని గుర్తింపవలెను.

ఎదుటిపక్షమును వినక తీర్పు చెప్పుట మా వృత్తిధర్మము కాదు. సెంట్రల్ ఏసీ పక్షమున చెప్పదగిన మాటలు కలవు. గోడలు అందముగా నుండును. గదిలో చప్పుడు తక్కువ. బయటి స్వచ్ఛవాయువును వడగట్టి లోనికి తెచ్చు ఏర్పాటు చేయవచ్చును. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే త్రిప్పిత్రిప్పి చల్లబరచును గాని క్రొత్తగాలి తేదు. గదులవారీగా గాలిని మూయు కవాటములును కలవు. ఒకే బాహ్యయంత్రమునకు పలు గదులను కలుపు పద్ధతిని డైకిన్ సంస్థ 1982లోనే తెచ్చినది. పగలంతయు జనముతో నిండియుండు ఆసుపత్రికి, ఫంక్షన్ హాలునకు, పెద్ద గ్రంథాలయమునకు కేంద్రపద్ధతి యుక్తమే. కాని ఇంటికి వచ్చునప్పటికి, వంటింటి పోపు ఘాటు తిరుగుగాలిలో కలసి పడకగదికి చేరును. గొట్టములలో చేరిన దుమ్మును తీయు పనివారు హైదరాబాదునుండి రావలెను. మేనెలలో ఆ యొక్క యంత్రము చెడిన ఇల్లంతయు ఉడికిపోవును. రెండు స్ప్లిట్లున్న యింట ఒకటి చెడిన, రెండవ గదిలో అందరును తలదాచుకొందురు. బాగుచేయువాడు మన వీధిలోనే కలడు.

స్ప్లిట్ పెట్టుకొన్నవారు నిర్దోషులని నా భావము కాదు. బయటి యంత్రపు వేడిగాలి పొరుగింటి కిటికీలోనికి కొట్టుట, గొట్టపునీరు బాటసారుల నెత్తిపై పడుట - ఇట్టి తగవులు నేను తీర్చినవి పెక్కు. ఎర్తింగు సరిగా నుండవలెను. నేడు వాడు ఆర్-32 వాయువునకు కొంత మండు గుణము కలదు. పని నేర్వని వానిచేత నింపింపరాదు. గది కొలతకు మించిన టన్నులు కొనరాదు. జల్లెడను నెలకొకసారి కడుగవలెను. 2020 జనవరినుండి గదుల ఏసీలు 24 డిగ్రీలవద్దనే మొదలగునట్లు కేంద్రప్రభుత్వము నియమించినది. డిగ్రీ పెంచినకొలది సుమారు 6 శాతము విద్యుత్తు మిగులునని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెప్పుచున్నది. 18 పెట్టి దుప్పటి కప్పుకొనువారు ఈ మాటను ఆలోచింతురు గాక.

యంత్రమునకు ముందు కప్పును చూడవలెను. పగలంతయు ఎండలో కాగిన స్లాబు రాత్రియంతయు ఆ వేడిని గదిలోనికి దింపును. 2023లో మన రాష్ట్రప్రభుత్వము కూల్ రూఫ్ విధానమును ప్రకటించి, 600 చదరపు గజములు, అంతకు మించిన స్థలముగల గృహములకు దానిని తప్పనిసరి చేసినది. చిన్న యింటివారు చట్టము కొరకు వేచియుండనేల? మిద్దెపై తెల్లసున్నము, పడమటి గోడకు ఒక వేపచెట్టు, కిటికీపై వెడల్పు సజ్జ - ఇవి బిల్లు పంపవు. పొడియెండలు కాయు ఏప్రిల్, మే నెలలలో కూలరు చక్కగా పనిచేయును. గాలిలో తేమ నిండిన వానకాలమున మాత్రమే అది ఓడిపోవును.

చివరి ప్రశ్న యంత్రమును గూర్చినది కాదు. ఇంటిలోని ఆ యొక్క చల్లని గది ఎవరిది? పూర్వము కచేరీలలో పంకా లాగువాడు వరండాలో చెమటోడ్చుచుండగా లోన దొర చల్లగా కూర్చుండెడివాడు. నేడు మన యింట మగవాడు చల్లని హాలులో కూర్చుండగా, పొయ్యివద్ద స్త్రీ ఉడుకుచున్న, పంకాకాలము పోయినదని యెట్లందుము? భూపాలపల్లిలో రాత్రి షిఫ్టు దిగి పగలు నిద్రింపవలసిన సింగరేణి కార్మికునకు, డోర్నకల్లులో రైలునడిపి వచ్చినవానికి, మంచముపట్టిన వృద్ధునకు, బాలెంతకు చల్లని గది విలాసము కాదు. మొదటి యంత్రము వారి గదిలో బిగింపబడవలెను. చేల్పూరు విద్యుత్కేంద్రము 1100 మెగావాట్లు పుట్టించునది బొగ్గుతోనే. ఖాళీగదిని చల్లబరచిన ప్రతి యూనిట్ వెనుకను భూగర్భమున దిగిన యొకని శ్రమ కలదని ఈ జిల్లాలవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ ఉపాధ్యాయులు గుత్తేదారునితో రాజీపడి సగము బయానా తిరిగి పొందిరి. పడకగదిలో ఒక స్ప్లిట్ పెట్టించి, పిల్లలు వచ్చునప్పటికని హాలులో మరియొకదానికి గోడలో దారి మాత్రము విడిచిరి. మిద్దెకు సున్నము వేయించిరి. మిగిలిన సొమ్ము బ్యాంకులో నున్నది. ఇల్లు కట్టుకొను సోదరులారా, కుమారుని యింటి నమూనా తెప్పించుకొనుటకు ముందు, మీ యింట రాత్రి ఎన్ని గదులకు తాళము పడునో లెక్కింపుడు.