కోళ్ళ తెగులుకు కూలీయే దోషియా?

భిలాయి సెక్టర్ 2లోని ఉక్కు కార్మికునికి హీట్ నంబరు అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. రైలు పట్టా విరిగితే, అది ఏ హీటులో పోసిన ఉక్కో దానిపై వేసిన నంబరు తెలుపుతుంది. విచారణ జరపకుండా గ్యాంగ్‌మన్‌పై నేరం మోపడం అప్పుడు సాధ్యం కాదు.

కోళ్ళ షెడ్లలో పనిచేసే మన సోదరులకు ఇటువంటి రక్షణ లేదు. సాల్మొనెల్లా సోకి కోళ్ళు చనిపోతే, షెడ్డు శుభ్రం చేయలేదంటూ కూలీని నిందించడం యజమానికి సులభం. కాని కోళ్ళకు టైఫాయిడ్ కలిగించే సాల్మొనెల్లా గాలినారం తల్లికోడి నుండి గుడ్డు ద్వారానే పిల్లకు సంక్రమించగలదు. ఎలుకల వలన, కలుషితమైన మేత, నీరు వలన కూడా వ్యాపించగలదు.

నిజం తేల్చే సాధనం నేడు ఉన్నది. బాక్టీరియా డీఎన్ఏను ఎంజైములతో నిర్దిష్టమైన చోట్ల కత్తిరించి, ఆ ముక్కలను జెల్‌లో విద్యుత్తు సహాయంతో వేరుచేస్తే చారల వరుస ఏర్పడుతుంది. ఒకే పేరు గల బాక్టీరియాలోని వేర్వేరు తెగలను ఈ వరుసలోని భేదాన్ని బట్టి గుర్తించవచ్చును. ఇప్పుడు జన్యుక్రమాన్ని మొత్తంగా చదివి మరింత సూక్ష్మంగా పోల్చుతున్నారు. ఈ విద్య మనకు పరాయిది కాదు. మనుషుల డీఎన్ఏ వేలిముద్రల పద్ధతిని హైదరాబాదులోని సీసీఎంబీలో లాల్జీ సింగ్ బృందం స్వయంగా రూపొందించినది.

అయితే చారలు కలిసినంత మాత్రాన తెగులు ఎవరి నుండి ఎవరికి వచ్చినదో తేలదు. పిల్లలు ఏ హేచరీ నుండి, ఏ తేదీన వచ్చినవి, మేత ఎక్కడిది అన్న రికార్డులు కూడా చూడవలెను. ఆ రికార్డులు యజమాని బీరువాలో ఉన్నంతకాలం పరీక్ష సగం సత్యమే చెబుతుంది.

ఇది కూలీ ఉద్యోగానికే కాదు, ఆరోగ్యానికీ సంబంధించిన సమస్య. టెట్రాసైక్లిన్ కలిపిన మేత తిన్న కోళ్ళలో మందుకు లొంగని బాక్టీరియా పెరిగి, కొద్ది నెలలలోనే ఆ క్షేత్రంలోని మనుషులలోనూ అటువంటి బాక్టీరియా కనిపించినదని అమెరికాలో స్టూవర్ట్ లెవీ బృందం 1976లోనే వెల్లడించింది. మన ప్రభుత్వం ఆహారానికై పెంచే జంతువులకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించినది 2019లో.

కావున మేము కోరేది ఇది: దుర్గ్ సమీపాన అంజోరాలోని పశువైద్య కళాశాల వంటి ప్రభుత్వ సంస్థలలో ఈ పరీక్షలు జరగాలి. ఫలితాలను కూలీలకు వారి భాషలో తెలపాలి. హేచరీ, మేత రికార్డులను కార్మిక సంఘానికి చూపాలి. షెడ్డు కూలీలకు ఉచిత వైద్య పరీక్షలు జరపాలి. విచారణ ముగియనిదే ఏ కూలీ వేతనంలోనూ ఒక్క పైసా కోయరాదు.