నీటిని దాచుకోవడం ఎవరి నేరం?

ఏటా వానాకాలంలో డెంగీ పెరగగానే ఒక పాత నింద మళ్లీ వినిపిస్తుంది. హైదరాబాదు పాతబస్తీ వాసులకు పరిశుభ్రత తెలియదట, దోమలన్నీ అక్కడే పుడతాయట! పేదరికాన్ని మురికిగా, ఆ మురికిని ఒక మతస్థుల అలవాటుగా చిత్రించే ఈ ధోరణిని మేము ఖండిస్తున్నాము.

డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ దోమకు మురుగు కాలువ కంటే నిలవ ఉన్న మంచినీరే ఇష్టం. వంటకు, స్నానానికి, వజూకు దాచుకున్న నీరే దానికి నెలవు. మరి నీటిని దాచుకోవలసిన అగత్యం ఎవరు కల్పించారు? నగరంలో అనేక బస్తీలకు నల్లా నీరు రోజు విడిచి రోజు వస్తుంది. నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం 2021లో మొదలైంది. నీరు ఉచితమైంది గాని నిత్యం కాలేదు. మూత ఉన్న సంపు కట్టించుకునే స్తోమత లేని ఇల్లాలు డ్రమ్ములు, బిందెలు నింపుకోక ఏం చేస్తుంది?

ఇక పొగ బండి సంగతి. ఫాగింగ్ ఎగిరే దోమలను చంపుతుందే తప్ప నీటిలోని లార్వాల జోలికి పోదు. ఈడిస్ పగటిపూట కుడుతుంది. మంచాల కింద, వేలాడే బట్టల చాటున దాగుతుంది. వీధిలో వదిలిన పొగ అక్కడికి సరిగా చేరనే చేరదు.

హక్కులడిగే మనకు బాధ్యతలూ ఉన్నాయి. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. పాత్ర లోపలి గోడకు అంటుకున్న గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి జీవిస్తాయి. కనుక నీరు పారబోస్తే సరిపోదు, పీచుతో రుద్ది కడగాలి. ప్రభుత్వం శుక్రవారాన్ని ‘డ్రై డే’గా పాటించమంటున్నది. జుమా నాడు గుస్ల్ చేసే మనకు ఆ రోజే డ్రమ్ము, కూలరు, పూలకుండీ పళ్లెం కడగడం భారమా? మసీదు కమిటీలు హౌజులో గంబూసియా చేపలు వదలాలి. ఇమాములు ఖుత్బాకు ముందు ఈ మాట చెప్పాలి.

ప్రభుత్వాన్ని మేము కోరేది దయ కాదు. ప్రతిదినం నీరు ఇవ్వండి. అంతవరకు డ్రమ్ములకు మూతలు, వలలు ఇవ్వండి. ఇంటింటికీ వచ్చి లార్వాలను వెతికే సిబ్బందిని అన్ని బస్తీలకూ సమానంగా పంపండి. సూచనలు ఉర్దూలోనూ ముద్రించండి. నీరు ఇవ్వలేని వ్యవస్థకు, నీరు దాచుకున్న వారిని నిందించే అధికారం లేదు.