ఉతికినా నిలిచే అక్షరాలు

ఉగాదికి మన సంఘం పిల్లలకు తెలుగు అక్షరాలు అచ్చువేయించిన బనియన్లు పంచాము. రెండు ఉతుకులకే అక్షరాలు వెలిసిపోయాయి. “నాన్నగారూ, మన తెలుగు సబ్బుకు ఆగదా?” అని మా అమ్మాయి అడిగితే తలవంచుకున్నాను.

తిరుప్పూరులో అచ్చుపని తెలిసినవారిని విచారించాను. కంప్యూటరు యంత్రం చల్లే పిగ్మెంటు సిరా నూలులో కలిసిపోదట. జిగురుతో పట్టుకొని ఉంటుంది. ఆ జిగురు గట్టిపడటానికి సుమారు 160 డిగ్రీల వేడి, సిరానుబట్టి కొన్ని నిమిషాలు కావాలి. తొందరపడి తీస్తే రంగు సబ్బునీళ్ల పాలే.

గృహిణులు బనియన్లను తిరగవేసి చన్నీళ్లలో ఉతకాలి. అచ్చుమీద బ్రష్షు, ఇస్త్రీపెట్టె తగలనీయరాదు. వేయించేవారు ముందు ఒక్కటి తెచ్చి, అయిదుసార్లు ఉతికి చూచి, ఆపైన తక్కినవాటికి బయానా ఇవ్వాలి.

తెలుగుది తప్పు కాదమ్మా, తొందరది!