ఉచ్చము – నీచము

పిల్ల జాతకము చూపించినపుడు “గ్రహము నీచలో నున్నది” అన్న మాట చెవిని బడినచో తల్లి గుండె తల్లడిల్లును. అందుచే ఈ నెల ఆ మాట పుట్టుకను గూర్చి ముచ్చటింప దలచితిమి.

సంస్కృతమున ఉచ్చమనగా ఎత్తు, నీచమనగా పల్లము. మన ప్రాచీన గణితజ్ఞులు గ్రహకక్ష్యలో భూమికి మిక్కిలి దూరమగు చోటును మందోచ్చమనిరి. మిక్కిలి దగ్గరగు చోటు నీచము. దూరమున గ్రహగతి మెల్లగా గనబడును గనుక ‘మంద’ శబ్దము చేరినది. ఈ ఉచ్చ శబ్దమే అరబ్బీలో ఔజ్ అయి, లాటినున ఔక్స్ అయినది.

తిరుగునది భూమియే యైనను మన కంటికి నడచువాడు సూర్యుడే. జనవరి మొదటి వారమున, మనము ధనుర్మాసపు ముగ్గులు వేయు దినములలోనే, ఆయన నీచస్థానమున నుండును. అప్పటి దూరము దాదాపు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్లు. జూలై మొదటి వారమున ఉచ్చము జేరును. అప్పుడు దాదాపు 15 కోట్ల 21 లక్షలు. నీచమున వడి హెచ్చు గనుకనే సౌరమానమున ధనుర్మాసము 30 దినములు నిండకుండనే ముగియును. మిథునమాసము 31 దినములు దాటును.

జాతకములలో సూర్యునకు మేషము ఉచ్చ, తుల నీచ. అవి ఈ స్థానములు గావు. పేరు మాత్రమే యొకటి. గణితమున నీచమనగా దగ్గరితనమే. ఏ యర్థమున వాడినను అది గ్రహమున్న చోటికి పేరే గాని పిల్ల గుణమునకు పేరు గాదు. ఆ మాట బట్టి యే బాలికను చిన్నబుచ్చవలదని మా మనవి.