చేతిపనులు: అట్టముక్కలతో టాంకు



వేసవి సెలవులలో పిల్లలను ఎండన పడి తిరుగకుండ ఇంటిపట్టున నిలుపుట ఎంత కష్టమో మీకు వేరుగ చెప్పనక్కరలేదు. చేతికి పని యున్నచో కాళ్లు నిలుచును. అందుచే ఈ మాసము టాంకు అను యుద్ధశకటమును అట్టముక్కలతో కొలత తప్పకుండ కట్టు విధమును వ్రాయుచున్నాము. “ఇదేమి, ఆడువారి పత్రికలో ఫిరంగిబండియా! పిల్లలకు యుద్ధము నేర్పుదుమా?” అని కొందరు ముక్కుపై వ్రేలు వైచుకొందురేమో. ఆ సంశయము న్యాయమైనదే. పని ముగియు వేళకు దానికి సమాధానము దొరకును గనుక ముందు పనిలోనికి పోవుదము.

టాంకు అనగా మనకు నీళ్లతొట్టి. ఈ బండికి ఆ పేరు వచ్చుటయు తొట్టి వలననే. మొదటి ప్రపంచయుద్ధమున బ్రిటిషువారు దీనిని రహస్యముగ తయారుచేయుచు, గుట్టు బయటపడకుండుటకై ఇవి నీళ్లు మోయు తొట్లని చెప్పించిరి. ఆ మారుపేరే స్థిరపడినది. 1916 సెప్టెంబరు 15వ తేదీన ఫ్రాన్సు దేశమునందలి సోమ్ నదీప్రాంతమున ఇవి తొలిసారి యుద్ధభూమిపై నడచినవి.

అట్టటాంకులు పిల్లల ఆటకొరకే పుట్టినవి కావు. 1919 నాటి వెర్సేల్సు సంధి జర్మనీకి టాంకులు ఉండరాదని శాసించినది. అందుచే 1920ల దశకమున జర్మను సైనికులు మోటారుబండ్లకు కొయ్య, అట్ట, గుడ్డ తొడిగి వానితోనే కవాతులు చేసిరి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున బ్రిటనులో లోహమునకు కరవు రాగా, కాగితపు నమూనాలు పిల్లలకు ఆటవస్తువులైనవి. పోలండు దేశమున 1957లో మొదలైన ‘మావి మొదేలాష్’ అను పత్రిక, అనగా ‘చిన్న నమూనాకారుడు’, ఓడలను, విమానములను, టాంకులను విడిభాగములుగ అచ్చువేసి పంచినది. కత్తిరించి అతికించుకొనుట పాఠకుల వంతు. రెండవ యుద్ధకాలమున సోవియట్ దేశము తయారుచేసిన టి-34 అను టాంకు ఆ పిల్లలకు బాగుగ పరిచితము. మనము కట్టబోవునదియు అదియే.

కొలత: ఇట్టి పనికి ప్రాణము కొలత. టాంకులకు పోలండువారు సాధారణముగ వాడునది ఇరువదియైదింట ఒక వంతు. అసలు బండిపై 25 సెంటీమీటర్లు మన అట్టపై 1 సెంటీమీటరు అగును. లెక్క సులువు: మీటర్లను నాలుగుతో గుణించినచో సెంటీమీటర్లు వచ్చును. టి-34 ఒడలి పొడవు 5.92 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, ఎత్తు సుమారు 2.45 మీటర్లు. మన బండి పొడవు 23.7, వెడల్పు 12, ఎత్తు 9.8 సెంటీమీటర్లు కావలెను. ఈ గుణకారములను మీరు చేసి ఈయక పిల్లలచేతనే చేయింపుడు. బడిలో విసుగు పుట్టించు దశాంశములు ఇచట ఆటయగును.

కావలసినవి: పాత శుభలేఖలు దాచియుంచిన యిల్లు మనలో ఉండకపోదు. ఆ అట్ట ఈ పనికి మిక్కిలి తగినది. లోపలి అడ్డములకు నోటుపుస్తకముల మందపు అట్టలు చాలును. కత్తెర, ఇనుప కొలబద్ద, వృత్తలేఖిని, సిరా అయిపోయిన బాల్‌పెన్ను, సన్నని అల్లికసూది, నీటిరంగులు సిద్ధము చేసికొనుడు. చాకు పని పెద్దలే చేయవలెను. జిగురునకు అంగడిలో దొరకు తెల్లని ఫెవికాలు మేలు. మైదాపిండి ఉడికించిన జిగురు చవుకయే కాని, తడి హెచ్చగుటచే అట్ట వంకర పోవును, బొద్దింకలును చేరును. పుస్తకములు కుట్టువారు పురుగు పట్టకుండ అందులో మైలుతుత్తము కలుపుట కలదు. అది విషము. పిల్లలు తాకు జిగురున ఎంతమాత్రమును కలుపరాదు.

పని చేయు తీరు: బట్టకు పడుగు ఉన్నట్లే కాగితమునకును పోగు ఉండును. అట్టను రెండు వైపులకును మెల్లగ వంచి చూడుడు. సులువుగ వంగు వైపే చుట్టలు చుట్టవలెను, ఎదురు చుట్టినచో మడతలు పడి పగులును. మడవవలసిన చోటనెల్ల ముందుగ కొలబద్ద ఆనించి సిరాలేని పెన్నుతో గీత నొక్కుడు. అంచు చీర కుచ్చెళ్లవలె తిన్నగ నిలుచును.

మొదట 7.5 సెంటీమీటర్ల వెడల్పున దిగువ పెట్టె కట్టి, లోపల మందపు అట్టతో రెండుమూడు అడ్డములు నిలుపుడు. అడ్డములు లేని పెట్టె వారము తిరుగకుండ కుంగును. దానిపై 12 సెంటీమీటర్ల వెడల్పున పైపెట్టె రావలెను. ఇది ఇరువైపుల చక్రములపైకి చూరువలె వ్రాలియుండును. పెట్టె అడుగు నేలకు 1.6 సెంటీమీటర్ల ఎత్తున ఉండునట్లు చూచుకొనుడు.

పైపెట్టె ముందుపలక నిలువుగ ఉండదు, నేలకు 30 డిగ్రీల కోణమున ఏటవాలుగ ఉండును. కారణము వంటింటిలోనే కలదు. అరటికాయను అడ్డముగ కోసిన ముక్క చిన్నది, ఏటవాలుగ కోసిన ముక్క పొడవైనది. ముందుపలక ఉక్కు మందము 45 మిల్లీమీటర్లే. కాని ఆ వాలు వలన ఎదురుగ వచ్చు గుండు 90 మిల్లీమీటర్ల ఉక్కును దాటవలసివచ్చును.

చక్రములు ప్రక్కకు అయిదేసి, ఒక్కొక్కటి 3.3 సెంటీమీటర్ల అడ్డుకొలత. మూడు అట్టబిళ్లలను ఒకదానిపై నొకటి అతికించి, ఆరిన పిదప అంచును గరుకుకాగితముతో రుద్దుడు. ముందొక చిన్నచక్రము, వెనుక బండిని నడపు చక్రము వేరుగ ఉండును. గొలుసుపట్టాకు 2 సెంటీమీటర్ల వెడల్పుగల పట్టీ కత్తిరించి, 7 మిల్లీమీటర్ల కొక అడ్డగీత నొక్కి చక్రముల చుట్టు త్రిప్పుడు. దీనిని బిగించి లాగకుడు. ఈ బండిలో గొలుసు పైభాగము చక్రముల మీదనే వ్రాలియుండును.

పైన తిరుగు బురుజునకు 5.7 సెంటీమీటర్ల అడ్డుకొలతగల గుండ్రని రంధ్రము కోయుడు. ఫిరంగి గొట్టమునకు 3 మిల్లీమీటర్ల అల్లికసూదిపై కాగితమును బిగువుగ చుట్టి జిగురు రాసి సూదిని లాగివేయుడు. ముదురాకుపచ్చ రంగును పలుచగ రెండు పూతలు పూయుడు. కోసిన అంచులకు అతికించుటకు ముందే రంగు తాకింపుడు, లేనిచో తెల్లని గీతలు కనబడి పని వెలితి పడును.

బురుజు పైకప్పు ఇంకను అతికింపకుడు. ఇప్పుడు మనుష్యులను చేయవలెను. 170 సెంటీమీటర్ల ఎత్తుగల మనిషి ఈ కొలతలో 6.8 సెంటీమీటర్లగును. అట్టి నలుగురిని అట్టతో కత్తిరించి, నడుము, మోకాలు మడచి లోపల కూర్చుండబెట్టుడు. ఇద్దరు ముందు, ఇద్దరు బురుజులో. బురుజు క్రింది వలయము అసలు బండిలో 1.42 మీటర్లు, అనగా మన యింటి మంచపు పొడవు కూడ లేదు. అందు ఒకడు గుండ్లు నింపును. రెండవవాడు బండికి నాయకుడై, ఫిరంగిని గురిపెట్టుటయు తానే చేయును. వారి మోకాళ్లు ఎచట పట్టునో పిల్లలనే వెదకుమనుడు. తరువాత వారే అడుగుదురు: “బండికి నిప్పంటుకొన్నచో వీరెట్లు బయటికి వత్తురు?” డ్రైవరునకు ముందుపలకలో ద్వారము కలదు. ప్రక్కన కూర్చుండువానికి తనదైన పైద్వారము లేదు. డ్రైవరు ద్వారము నుండియో, అడుగున గల ద్వారము నుండియో దూరి రావలసినదే.

ఆ డ్రైవరు స్థానమున ఒక స్త్రీయు కూర్చుండెను. మరియా ఒక్త్యాబ్ర్‌స్కాయా అను నామె భర్త 1941లో యుద్ధమున మరణించెను. ఆమె తన వస్తువులన్నియు అమ్మి, ఆ ధనముతో ఒక టి-34 తయారుచేయించి తననే దానికి డ్రైవరుగ నియమింపుమని కోరెను. బండికి ‘పోరాట నేస్తము’ అని పేరిడి, 1943లో యుద్ధభూమికి వెళ్లెను. 1944 జనవరిలో తెగిన గొలుసుపట్టాను బాగుచేయుటకై గుండ్లవానలో బండి దిగినప్పుడు ఆమె తలకు గాయమయ్యెను. ఆ సంవత్సరము మార్చి 15వ తేదీన మరణించెను. సోవియట్ ప్రభుత్వము పిదప ఆమెకు తన అత్యున్నత బిరుదమును ఇచ్చినది. పిల్లలు గొలుసుపట్టా అతికించుచుండగ ఈ కథ చెప్పుడు.

మొదట అడిగిన సంశయమునకు మా సమాధానము ఇదియే. అంగడిలో కొన్న టాంకుబొమ్మ లోపల శూన్యము. దానిని నేలపై ఈడ్చి ‘ఢాం’ అనుట తప్ప పిల్లవానికి తోచునది లేదు. కొలతతో కట్టిన బండిలో మనుష్యులకు చోటు వెదుకక తప్పదు. ఆ చోటు ఎంత యిరుకో వ్రేళ్లతో తెలిసికొన్న బిడ్డ యుద్ధము మాట తేలికగ ఎత్తదని మా నమ్మకము. యుద్ధపు ఆటలను ఇంటినుండి వెళ్లగొట్టుట మనచేత కాదు. వానిలోని మనుష్యులను చూపుట మనచేతనగును.

బండి పూర్తియైన పిదప వానకాలమున తడి తగులని అలమరలో ఉంచి, కలరా ఉండలు పిల్లలకు అందనిచోట వేయుడు. వచ్చు సంక్రాంతికి బొమ్మల కొలువున దీనిని ఉంచదలచువారు మరి నలుగురు అట్టమనుష్యులను చేసి బండి ప్రక్కన నిలువబెట్టుడు. చూడవచ్చిన పేరంటాండ్రు ‘వీరెవరు?’ అని అడిగినచో పిల్లలే చెప్పుదురు.