మోటరు విప్పండి, చివరింటికీ నీళ్లు రానీయండి

మన సందులోని అన్నలకు, వదినలకు, ఖాలాలకు, మిద్దె మీద అద్దెకున్న పిల్లకాయలకు…

ముందు నా తప్పు ఒప్పుకుంటాను, తర్వాత మిమ్మల్ని అడుగుతాను. పోయిన ఎండాకాలం నేనూ మోటరు కొన్నాను. అర హార్స్‌పవర్‌ది, మూడువేల చిల్లర అయింది. సరదాపడి కొన్నది కాదు. పక్కింటివాళ్లు కొళాయికి మోటరు బిగించినాక మా కొళాయి ధార వేలు లావు నుంచి పెన్సిల్ లావుకు వచ్చింది, ఆనక దారప్పోగయింది. వాళ్లనే అడగొచ్చు కదా అంటారు. మా అమ్మ పోయినప్పుడు మూడు రోజులు మాకు అన్నం పంపిన ఇల్లది. 'మీ మోటరు తీయండి' అని ఏ మొహంతో అంటాం? ఆ ఒక్క మాట నోట రాక, బజారుకు పోయి మూడువేలు పెట్టి వచ్చినాను.

మోటరు ఆడించిన మొదటి పొద్దు మా తొట్టి ఇరవై నిమిషాల్లో నిండింది. ఇంటిల్లిపాదీ సంబరపడినాం. ఎదురింట్లో అద్దెకున్న అక్క అప్పటికే కొళాయి కింద కడవ పెట్టుకుని కూర్చోనుంది. ఆ కొళాయి గురక పెట్టింది, రెండు చుక్కలు ఉమ్మింది, ఆగింది. ఆమె నా వైపు చూడలేదు. చూసి నాలుగు తిట్టినా బాగుండేది. కడవ చంకన పెట్టుకుని లోపలికి పోయింది. పది రోజులకు వాళ్ల ఓనరూ మోటరు తెచ్చినాడు.

ఇప్పుడు పొద్దున్నే నీళ్లు ఇడిసే వేళకు సందులో నిలబడి వినండి. సగానికి పైగా ఇండ్లలో ఒకటే గుయ్ మనే మోత. ఇన్ని మోటార్లు కొన్నాక మన సందుకు నీళ్లు ఒక్క బిందె అయినా పెరిగినాయా? వాల్వు తిప్పే ఆయన ఎంత తిప్పుతాడో అంతే వస్తాయి. మొదట ఒక్కరు కొన్నప్పుడు వాళ్లకు లాభం. అందరూ కొన్నాక ఎవరికీ లాభం లేదు. మోటరు ఖర్చు, కరెంటు ఖర్చు, తడి చేతులతో ప్లగ్గు పెట్టే పిల్లల మీద భయం మిగిలినాయి. మోటరు కొనలేని నాలుగిండ్లకు కడవలు మిగిలినాయి.

లెక్క చూడండి. పట్నంలో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇయ్యాలని మన దేశంలో నీటి సరఫరా ఇంజనీర్లు పెట్టుకున్న కొలత. అయిదుగురున్న ఇంటికి 675. అర హార్స్‌పవర్ మోటరు నిమిషానికి 30 లీటర్లు లాగినా గంటకు 1,800. అంటే ఒక్క గంటలో దగ్గర దగ్గర మూడిండ్ల నీళ్లు ఒక ఇంట్లోకి పోతాయి. పోయి ఏమవుతాయి? సింటెక్సు నిండి, పొర్లి, గోడ వెంబడి కారి, సిమెంటు రోడ్డు మీద పారి, మురికి కాలవలో కలుస్తాయి. ఆ పారే నీళ్లను దాటుకుంటూ చివరింటామె బోరింగు దగ్గరికి పోతుంది. ఇది నేను ఎక్కడో విని రాయడం లేదు. మా మిద్దె మీది నుంచి పొర్లిన నీళ్ల గురించే రాస్తున్నాను.

ఇంకోటుంది, అది కంటికి కనపడదు. పైపులో నీళ్లు ఒత్తిడితో పోతున్నంతసేపూ, పైపుకు చిల్లి ఉంటే నీళ్లు బయటికి కారతాయి. అంతే, నష్టం నీళ్ల వరకే. అదే పైపును నాలుగు వైపుల నుంచి మోటార్లు పీలుస్తా ఉంటే ఒత్తిడి తలకిందులవుతుంది. చిల్లి దగ్గర బయట ఏముంటే అది లోపలికి వస్తుంది. మన పైపు యాడ పోతోందో అందరికీ తెలుసు, మురికి కాలవ పక్కనే, రెండు చోట్ల కాలవ అడుగున. మొదటి బిందె పచ్చగా, వాసనగా ఎందుకు వస్తోందని కార్పొరేషన్‌ను తిట్టే ముందు మన ప్లగ్గు వైపు ఒకసారి చూడాల. ఆ వాసనకు భయపడి మళ్లీ ఇరవై లీటర్ల క్యాను కొంటున్నాం. రోజుకొకటి, ఇరవై రూపాయలు అనుకుంటే నెలకు 600. ఒక కొనుగోలు చేసిన చెడుపుకు ఇంకో కొనుగోలు!

మనకు నీళ్ల న్యాయం ఒకరు నేర్పాల్నా? తుంగభద్ర డ్యాం కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది, పూడిక చేరి 105 చిల్లరకు దిగింది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకపోయిందంటే, యాడో హోస్పేట దగ్గర జరిగినదానికి ఇక్కడ మన గుండె జారింది. కేసీ కెనాల్‌కు 39.9 టీఎంసీలని కాగితం మీద ఉంది. 1.2 టీఎంసీల సుంకేసుల బ్యారేజీ అడుగంటితే గాజులదిన్నె ప్రాజెక్టు వైపు చూసే ఊరు మనది. పైవాళ్లు నదిలో మోటార్లు ఏసి తోడుకుంటున్నారని, చివరి ఆయకట్టుకు చుక్క రాలేదని ధర్నాలు చేస్తూనే ఉన్నాం. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక పేరెత్తి వాటా అడుగుతూనే ఉన్నాం. ఆ ధర్నాల్లో నేనూ కూర్చున్నాను, ఆ అరుపులు నేనూ అరిచినాను. అరిచి ఇంటికొచ్చి మోటరు ప్లగ్గు పెట్టినాను.

సందు మొగదల ఉన్న మనం పైవాళ్లం. సందు చివర, కాలవ మలుపు కాడ ఉన్న ఇండ్లు చివరి ఆయకట్టు. రాజోలిబండ (ఆర్‌డీఎస్) కాలవ చివర అలంపూర్ రైతును అడగండి, ఆయన వేలు మన వైపే చూపిస్తాడు. పైనున్నోనికి తాను పైనున్న సంగతి ఎప్పుడూ తెలీదు.

కమిషనర్లు ప్రతి ఎండాకాలం ప్రకటన ఇస్తారు, కొళాయికి మోటరు బిగిస్తే తీసుకుపోతామని. ఫోన్ చేసి పట్టియ్యడం పది నిమిషాల పని. కానీ అట్ల పట్టిస్తే పక్కింటితో పదేండ్లు మాటలుండవు. అందుకే ఈ కాగితం అచ్చేసి ఇంటింటికీ ఇస్తున్నాను.

నేను మోటరే వద్దనడం లేదు. లైనుకు వద్దంటున్నాను. ఇంటి ముందర నేలలో ఒక సంపు కట్టుకోండి. సిమెంటు వరలు దింపుతారో, వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు పూడుస్తారో మీ ఇష్టం. సంపు పైపు కన్నా పల్లాన ఉంటుంది కాబట్టి ఒత్తిడి తక్కువున్నా నీళ్లు వాటంతట అవే దిగుతాయి. ఆ సంపులో నుంచి మిద్దె మీదికి ఎంత మోటరైనా పెట్టి ఎక్కించుకోండి, ఎవరి నోటికాడి నీళ్లూ కావు. కొన్న మోటరు దండగ కాదు, దాని జాగా మారుతుంది. సంపుకు ఒక బాల్‌కాక్ తగిలిస్తే నిండినాక నీళ్లు వాటంతట అవే పక్కింటికి పోతాయి. సంపుకు చోటు లేని ఇంటికి రెండువందల లీటర్ల డ్రమ్ము నేలబారుగా పెట్టుకున్నా చాలు.

ఓనర్లకు ఒక మాట. అద్దెకున్నవాళ్లు మీ ఇంట్లో సంపు తవ్వలేరు, తవ్వితే మీరు ఒప్పుకోరు. అది మీరే చేయించాల. చేయించి అద్దె పెంచొద్దు. (పెంచుతారని నాకు తెలుసు. అయినా రాస్తున్నాను.) మోటార్లు పోతే, ధార అందక కొళాయిని కిందికి దింపుకోడానికి తవ్విన గుంతలూ పూడ్చుకోవచ్చు. వానొస్తే ఆ గుంతలో ఏం చేరుతుందో, అందులో కొళాయి మూతి మునిగి ఏం తాగుతుందో ఒకరు చెప్పక్కర్లేదు.

'వాళ్లు తీయకుండా నేనెందుకు తీయాల?' అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఒక్కరు తీస్తే ఆ ఒక్కరే ఎండిపోతారు. అందుకే ఒకరొకరు కాదు, ఒకే పొద్దున అందరం తీయాలంటున్నాను. ఉగాది నుంచి పదిహేను రోజులు, అంతకు మించి మాటియ్యమనడం లేదు. ఆ పదిహేను రోజులూ సందులో పిల్లలకు ఒక పని పెడదాం. నీళ్లొచ్చే వేళకు ఒక బకెట్టు, ఒక గడియారం తీసుకుని మొదటింట్లో, నడిమింట్లో, చివరింట్లో బకెట్టు నిండడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూసి గోడ మీద సుద్దతో రాయాల. మన పిల్లలు లెక్కల్లో మన కన్నా నయం.

మోటార్లన్నీ తీసినాక కూడా చివరింటి బకెట్టు నిండలేదనుకోండి. అప్పుడు తప్పు మనది కాదు, పైపుది, వాల్వుది. గోడ మీది అంకెలు కాగితం మీదికి ఎక్కించి అందరం సంతకాలు పెట్టి వార్డు సచివాలయానికి పోదాం. అక్కడ కాకపోతే సోమవారం కలెక్టరాఫీసుకు అర్జీతో పోదాం. సందును రెండు ముక్కలు చేసి చివరి సగానికి వేరే వాల్వు పెట్టమని అడుగుదాం. ఈ పొద్దు పోతే ఇంజనీరు ఏమంటాడు? 'మీరే మోటార్లతో లాగుతున్నారు కదా' అంటాడు. మనం తల వంచుకుని రావాల. మోటార్లు తీయడంలో నాకు కనపడే పెద్ద లాభం ఇదే, గట్టిగా అడిగే నోరు మనకు తిరిగొస్తుంది.

కుదరదు, మన సందులో ఐకమత్యం యాడుందప్పా అనేవాళ్లు 2009 అక్టోబరు 2ను తలుచుకోండి. హంద్రీ, తుంగభద్ర రెండూ ఊళ్లోకి వచ్చినప్పుడు ఎవరి మిద్దె ఎత్తుగా ఉంటే వాళ్ల మిద్దె మీదికి ఎక్కినాము. తలుపు కొట్టి అడిగినామా? ఖాలా వాళ్ల బియ్యం, మా కట్టెలు, ఇంకెవరిదో దబరా. చుట్టూ సముద్రం లాగా నీళ్లు, తాగడానికి గుక్కెడు లేవు. ఉన్న ఒక్క బిందెను గ్లాసుతో కొలిచి ముందు పిల్లలకు, తర్వాత ముసలోళ్లకు పోసినాము. ఆ గ్లాసు పట్టుకుని కొలిచి పోసిన ఆమె ఇప్పుడు మన సందు చివరింట్లో ఉంది. ఆమె కొళాయికే నీళ్లు రావడం లేదు.

ఉగాదికి ముందొచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి వేపచెట్టు కట్ట దగ్గర కలుద్దాం. ఆడవాళ్లు తప్పక రావాల, నీళ్లు పట్టేది మీరు కాబట్టి. కోపమున్నవాళ్లు కూడా రండి, ఆడనే పోట్లాడుకుందాం. నా మోటరు విప్పి అరుగు మీద పెట్టినాను, పైపు పానా దాని పక్కనే ఉంది. కావల్సినవాళ్లు తీసుకపోయి, పనయినాక పక్కింటికి ఇయ్యండి.

ఇట్లు,
సందు మొగదల మూడో ఇంటివాడు